మానసిక వయసు ప్రకారం

మా సంస్థ పేరు రాష్ట్ర చింతపండు అభివృద్ధి సంస్థ. చింతచెట్లు మా సంస్థ పుట్టకముందు నుంచీ తమంతట తామే కాస్తున్నాయి గనక, మేము వాటి అభివృద్ధికి సంబంధించిన ఉత్తర ప్రత్యుత్తరాలు మాత్రం చూసుకుంటాం. నేను ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్ సూపరింటెండెంటును. ఉద్యోగుల పుట్టిన తేదీలు, సెలవులు, రిటైర్‌మెంట్లు అన్నీ నా బల్ల మీదుగానే వెళ్తాయి. కాబట్టి ఎర్రిస్వామి గారి విషయంలో జరిగింది నాకు మొదటి నుంచీ తెలుసు.

ఆ ఏడు వేసవిలో మా మేనేజింగ్ డైరెక్టరు ప్రద్యుమ్నరావు గారు ఏదో చల్లని కొండ ఊరికి శిక్షణకు వెళ్లి వచ్చారు. అక్కడ మనస్తత్వ శాస్త్రం గురించి ఒక పూట పాఠం చెప్పారట. మిగతా పూటలు కొండలు చూపించారట. కొండల సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. వచ్చిన మర్నాడే అందరినీ సమావేశపరిచారు.

“చింతపండు సంస్థలో చింత ఉంది, చింతన లేదు,” అని మొదలుపెట్టారు. “మనిషికి రెండు వయసులుంటాయి. ఒకటి శారీరకం, రెండోది మానసికం. ఇంతకాలం మనం ఉద్యోగి శరీరానికి ప్రమోషన్ ఇచ్చాం, శరీరాన్ని రిటైర్ చేశాం. మనసును ఎవరూ పట్టించుకోలేదు. ఇకమీదట ఈ సంస్థలో వయసు అంటే మానసిక వయసే.”

మనసును పట్టించుకోలేదన్న మాట దగ్గర కొందరు చప్పట్లు కొట్టారు, జీతాల సవరణ గురించి చెబుతున్నారేమో అనుకుని.

పరీక్ష పెట్టడానికి డాక్టర్ హరిప్రియ అనే మనస్తత్వ నిపుణురాలిని కాంట్రాక్టు మీద పిలిపించారు. ఆమె ఉత్తర్వు ముసాయిదా చదివి ఎండీ గారి గదికి వెళ్లింది. ఫైలు పట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను.

“సార్, మానసిక వయసు అన్న లెక్క చిన్నపిల్లల కోసం వచ్చింది. బడిలో ఎవరికి సాయం కావాలో తెలుసుకోవడానికి. పెద్దవాళ్లకి అది అతకదు,” అంది.

“మేడమ్, అతకనిదాన్ని అతికించడమే పరిపాలన,” అన్నారు ఎండీ గారు.

“కనీసం ప్రశ్నలైనా ఇక్కడి మనుషులకు తగ్గట్టు మారుద్దాం సార్. ఇవి ఎక్కడివో తెచ్చి తెలుగులోకి దించారు.”

“మీ అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా ఇవ్వండి. ఫైలులో పెట్టిస్తాను.”

ఆమె ఇచ్చింది. ఆయన పెట్టించారు. మా సంస్థలో ఒక మాటను ఎవరూ చదవకుండా చేయడానికి అంతకంటే భద్రమైన చోటు లేదు.

ఎర్రిస్వామి గారు అప్పటికి మా అకౌంట్స్ ఆఫీసరు. వయసు యాభై ఎనిమిది, అంటే పాత లెక్క ప్రకారం. మెల్లగా మాట్లాడే మనిషి. ఏ ప్రశ్న అడిగినా కాసేపు ఆలోచించి, తర్వాత నిజం చెప్పే అలవాటు ఆయనది. ఇలాంటి మనిషి పరీక్షలకు పనికిరాడని మాకప్పుడు తెలియదు.

పరీక్ష సమావేశ మందిరంలో జరిగింది. ‘ఈ క్రింది వానిలో తక్కినవాటితో పొసగని దానిని గుర్తింపుము: కుర్చీ, బల్ల, బీరువా, గుర్రము’ అని ఒక ప్రశ్న. అందరూ గుర్రం అని రాశారు. ఎర్రిస్వామి గారు చాలాసేపు కలం కొరుక్కుని, కుర్చీ అని రాసి, పక్కన కారణం కూడా ఇచ్చారు: ‘మిగతా మూడింటి కోసం ఎవరూ కొట్లాడుకోరు.’

‘మీ గృహమునందు పొగ కానవచ్చినచో మీరు ప్రప్రథమముగా చేయు పని ఏది?’ అన్నదానికి, ‘వంట మొదలైందని కాళ్లు కడుక్కుంటాను’ అని రాశారు. ‘కొండంత రాగం తీసి కూసింత పాట పాడినట్టు’ అనే సామెతను సోదాహరణంగా వివరించమంటే, ఉదాహరణగా మా సంస్థ వార్షిక నివేదికను చూపించారు. చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి గంట కొట్టేశారు.

ఫలితాలు వచ్చాయి. ఎర్రిస్వామి గారి మానసిక వయసు తొమ్మిది సంవత్సరాలు.

“పేరు కూడా సమర్థిస్తోంది,” అన్నారు ఎండీ గారు ఫలితాల పట్టిక చూస్తూ.

మార్కెటింగ్ విభాగంలో జయరాములు అని ముప్పై ఎనిమిదేళ్ల కుర్రాడున్నాడు. అన్నిటికీ సరైన జవాబులు రాశాడు. అతని మానసిక వయసు అరవై ఆరు తేలింది. మాది అరవై రెండుకే రిటైర్‌మెంటు గనక, నాలుగేళ్లుగా అతను నిబంధనలకు విరుద్ధంగా పని చేస్తున్నట్టయింది. ఆ సాయంత్రమే శాలువా కప్పి, ఒక గోడ గడియారం చేతిలో పెట్టి, శేష జీవితం మనవలతో ప్రశాంతంగా గడపమని పంపించేశాం. అతనికి అప్పటికి పెళ్లి కాలేదు.

మర్నాడు ఎర్రిస్వామి గారు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

“నాకు తొమ్మిదేండ్లంట గదా సార్.”

“ఉత్తర్వులో అలాగే ఉంది,” అన్నాను.

“ముప్పై ఏండ్ల సర్వీసు నాది. రాత్రంతా ఆలోచిస్తాండా. ఆలోచించే కొద్దీ, వాళ్లు చెప్పిందే నిజమేమో అనిపిస్తాంది. నిజంగా తెలివైనోడైతే ఇంతసేపు ఆలోచిస్తాడా?”

ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

అంతలోనే కొత్త చిక్కు వచ్చింది. తొమ్మిదేళ్ల వ్యక్తి బిల్లుల మీద చేసే సంతకం చెల్లదని బ్యాంకు కాదు, మా న్యాయ సలహాదారే చెప్పాడు. మైనరు తరఫున సహజ సంరక్షకులు సంతకం పెట్టాలన్నాడు. ఎర్రిస్వామి గారి తండ్రి పోయి చాలా కాలమైంది. తల్లి ఉంది. ఆమె పేరు సుంకులమ్మ. వయసు ఎనభై దాటి ఉంటుంది. ఎంత దాటిందో ఆమెకూ తెలియదు, కాగితం లేదు. ‘సదరు మైనరు అధికారి యొక్క తల్లి ప్రతి పనిదినమునందు కార్యాలయమునకు హాజరై మైనరు తరఫున సంతకము చేయవలెను’ అని ఉత్తర్వు వెళ్లింది.

సోమవారం పొద్దున సుంకులమ్మ వచ్చింది. ఒక చేతిలో కొడుకు క్యారియరు, ఇంకో చేతిలో వక్కాకు సంచి. అకౌంట్స్ ఆఫీసరు పక్కన ఇంకో కుర్చీ వేయించాం. ఆమె దాన్ని పైటకొంగుతో తుడిచి, కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. చిన్నప్పుడు ఐదో తరగతి దాకా చదివిందట. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది.

మొదటి బిల్లు తెచ్చి ముందు పెట్టారు. ‘పైన ఉదహరించిన సూచికను అనుసరించి, మేధోమథన సదస్సు నిమిత్తమై వెచ్చించబడిన మొత్తమునకు ఆమోదము కోరనైనది.’

ఆమె వేలు పెట్టుకుని, కింద ఉన్న ఖర్చుల జాబితాతో సహా చివరిదాకా చదివింది. “ఇది ఏం భాష నాయనా?” అంది కొడుకుతో.

“తెలుగేమా.”

“ఎవురి తెలుగు?”

ఎర్రిస్వామి గారు ఎప్పటిలాగే ఆలోచించారు. “ఎవురిదీ కాదుమా. ఆఫీసుది.”

“మేధోమథనమంటే?”

“అందరూ ఒకచోట కూచోని చింతపండు గురించి ఆలోచించడం.”

“ఆలోచించేదానికి జీడిపప్పు ఎందుకు? కోడి వేపుడు ఎందుకు?”

“మధ్యాన్నం తింటారు గదా.”

“సరే, తినింది రాసినారు. ఆలోచించింది యాడ రాసినారు?”

ఆయన కాగితం ముందుకూ వెనక్కూ తిప్పారు. నేనూ వెళ్లి చూశాను. ఎక్కడా లేదు.

“ఆలోచించింది పట్టుకొని రమ్మను. అప్పుడు సంతకం పెడతా,” అని సుంకులమ్మ ఆకుకు సున్నం రాసుకుంది.

ఇక ప్రతి బిల్లుకూ ఇదే వరస. అర్థమయ్యేలా చెబితేనే సంతకం. చెప్పబోయేసరికి చాలా బిల్లులకు అర్థం లేదని చెప్పేవాళ్లకే తెలిసొచ్చి, కొందరు దారిలోంచే వెనక్కి తీసుకెళ్లిపోయేవారు. అమెరికా చింతచెట్ల అధ్యయన యాత్ర అలాగే ఆగిపోయింది. ఎర్రిస్వామి గారు ఆ పక్కన కూర్చుని, తల్లి అడిగిన మాటకల్లా మామూలు తెలుగులో అర్థం చెబుతూ ఉండేవారు. ఆయన ముఖంలోకి కొంచెం రంగు వచ్చింది.

ఎండీ గారు ఆమెను పిలిపించారు. తల్లీ కొడుకులిద్దరూ వెళ్లారు. మైనరును ఒంటరిగా వదలకూడదు గనక.

“అమ్మా, మీ బాధ్యత కేవలం సాంకేతికం. బిల్లు యొక్క మంచిచెడ్డలు మీ పరిధిలోకి రావు. యాంత్రికంగా సంతకం చేస్తే చాలు,” అన్నారు.

ఆమె కొడుకు వైపు చూసింది. “చదవకుండా పెట్టమంటాండారుమా,” అని ఆయన అర్థం చెప్పారు.

“వానికి తొమ్మిదేండ్లని నువ్వే గదప్పా రాసిచ్చినావు,” అంది సుంకులమ్మ నెమ్మదిగా. “తొమ్మిదేండ్ల పిల్లోని చేతికి ఏది పడితే అది ఏ తల్లయినా ఇస్తాదా? వాడు పెద్దోడైనాక వాని ఇష్టం. అంతవరకు నేను చూసుకోవాల్నా వద్దా?”

ఉత్తర్వు ఎండీ గారిదే. ఆయన గంట కొట్టి తర్వాతి ఫైలు తెమ్మన్నారు.

ఈలోగా కార్మిక శాఖ నుంచి నోటీసు వచ్చింది. మా సంస్థలో పద్నాలుగేళ్ల లోపు బాలలను పనిలో పెట్టుకున్నట్టు ఫిర్యాదు అందిందని. ఎర్రిస్వామి గారు కాక స్టోర్స్ విభాగంలో ముగ్గురు, డ్రైవరు ఒకరు పద్నాలుగు లోపే తేలారు. డ్రైవరు అప్పటికే తాళాలు అప్పజెప్పి బస్సులో వస్తున్నాడు, హాఫ్ టికెట్ అడిగితే కండక్టరు తిట్టాడని చెప్పాడు. ఎండీ గారు నోటీసుకు తానే స్వయంగా జవాబు రాయించారు: ‘సదరు బాలలు ఈ సంస్థలో కేవలం ఉద్యోగులు. వారు ఎన్నడునూ ఎట్టి పనియు చేసియుండలేదని రికార్డుల ద్వారా నిరూపించుటకు సంసిద్ధులము.’ కార్మిక శాఖ తృప్తి పడి, బాలలకు పదకొండు గంటలకు పల్లీ చిక్కీ ఇవ్వమని సూచించి ఊరుకుంది. చిక్కీ బిల్లు మాత్రం సుంకులమ్మ ఒక్క ప్రశ్నా అడగకుండా పాస్ చేసింది. ముందు ఒక ముక్క కొరికి చూసింది, అంతే.

పరీక్ష మళ్లీ పెడతారని తెలిశాక మిగతావాళ్లకు నిద్ర పట్టలేదు. తెలివి ఎక్కువైతే రిటైర్‌మెంటు, తక్కువైతే అమ్మను తోడు తెచ్చుకోవాలి. క్యాంటీన్ వెనక ఒకాయన కోచింగ్ మొదలుపెట్టాడు. రెండు ఒప్పు, ఒకటి తప్పు చొప్పున రాసుకుంటూ పోతే నలభై రెండు దగ్గర ఆగవచ్చని ఆయన సిద్ధాంతం. ఆఫీసులో మాట్లాడుకోవడం కూడా అలాగే మారిపోయింది. ఎవరైనా రెండు తెలివైన మాటలు నోరు జారితే, వెంటనే ఒక తెలివితక్కువ మాట కలిపి సరి చేసుకునేవారు. బయటివాళ్లకు తేడా ఏమీ తెలియలేదు.

బిల్లుల దిబ్బ పెరిగేకొద్దీ ఎండీ గారికి ఒక ఉపాయం తట్టింది. సుంకులమ్మ బయటి మనిషి గనకే తన మాట వినడం లేదు. ఉద్యోగిని చేస్తే క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు, సస్పెండు చేయవచ్చు, కావాలంటే దూరం బదిలీ చేయవచ్చు. ‘బిల్లుల పరిశీలకురాలు’ అని ఒక పర్మనెంటు పోస్టు సృష్టించారు. అర్హత తెలుగు చదవడం, రాయడం. వయసు నలభై రెండుకు మించకూడదు.

“నలభై రెండు దాటితే?” అన్నాను.

“మానసిక వయసు కదయ్యా. ఐదో తరగతి చదువు. ఎంత వస్తుందంటావు?” అని నవ్వారు.

డాక్టర్ హరిప్రియ సుంకులమ్మకు ప్రశ్నలు చదివి వినిపించింది. సాక్షిగా నేనున్నాను. ఎర్రిస్వామి గారు గుమ్మం దగ్గర నిలబడ్డారు, ఆయనే రాస్తున్నట్టు చెమటలు కక్కుతూ.

“కుర్చీ, బల్ల, బీరువా, గుర్రం. ఇందులో ఏది వేరు?”

“గుర్రం. ఇది గూడా అడగాల్నా తల్లీ?”

“తప్పుకూ అబద్ధానికీ తేడా ఏమిటి?”

“తప్పు చేసినోడు తల గోక్కుంటాడు. అబద్ధం చెప్పినోడు మీసం దువ్వుకుంటాడు.”

హరిప్రియ కలం ఆపి నవ్వింది. తర్వాత ఒక లెక్క అడిగింది. “తెలీదు,” అంది సుంకులమ్మ. ఇంకొకటి అడిగింది. “అదీ తెలీదు. తర్వాతది అడుగు.” ఆ తెలీదు అనడంలో ఎక్కడా సిగ్గు గానీ తొందర గానీ లేవు.

ముప్పై రెండేళ్లు తేలింది.

బయటికి వచ్చాక ఎర్రిస్వామి గారు డాక్టరమ్మను ఆపారు. “మేడమ్, ఒక మాట అడుగుతా. బీకాం చదివిన నాకు తొమ్మిది, మా అమ్మకు ముప్పై రెండు. నాలో ఏమన్నా లోపముందా?”

హరిప్రియ చేతిలోని ప్రశ్నల కాగితం చూపించింది. “లేదండీ. మీ అమ్మగారికి పరీక్షంటే భయం లేదు, మీకుంది. అడిగినదానికే ఆమె జవాబు చెప్పారు. మీరు అడగనిదాని గురించి కూడా ఆలోచించారు. ఈ కాగితానికి అదంతా కొలిచే శక్తి లేదు. మొదట్లోనే రాసిచ్చాను, ఫైలులో ఉంది.”

ఆ సాయంత్రం ఎర్రిస్వామి గారు నా దగ్గరికి వచ్చి ఆ ఫైలు అడిగి తీసుకుని, ఆ అభ్యంతరాన్ని మొదటి నుంచి చివరి వరకూ చదివారు. మా సంస్థ చరిత్రలో ఫైలులో పెట్టిన కాగితం చదివినవాడు ఆయనే. చదివాక మొదటిసారి నా బల్ల ముందు కుర్చీలో కూర్చున్నారు. టీ తెప్పించాను.

సుంకులమ్మ నియామకం జరిగిపోయింది. సర్వీసు రిజిస్టరు తెరిచి, వయసు ముప్పై రెండు అని నా చేత్తోనే రాశాను. ఉద్యోగినిగా ఆమె ముందుకు వచ్చిన మొదటి కట్ట ఆ నెల జీతాల బిల్లులు. ఉత్తర్వు ప్రకారం ప్రతి జీతం బిల్లుకూ ఆ ఉద్యోగి మానసిక వయసు ధ్రువపత్రం జత చేయాలి. ఆమె ఒక్కొక్కటే తిరగేసి, ఒకటి పక్కన పెట్టింది.

“అందరివీ ఉండాయి. ఈయప్పది లేదే.”

అది ఎండీ గారిది.

ఆయన చాలా వాదించారు. పరీక్ష పెట్టిన వ్యక్తి పరీక్షకు అతీతుడన్నారు. సుంకులమ్మ ఆ ముక్కకు అర్థం చెప్పమంది. ఎర్రిస్వామి గారు చెప్పారు. “అట్లని ఉత్తర్వులో యాడుందో చూపించమను,” అంది. లేదు. రెండు నెలలు జీతం ఆగాక ప్రద్యుమ్నరావు గారు పరీక్షకు కూర్చున్నారు. కూర్చునే ముందు క్యాంటీన్ వెనక కోచింగుకు కూడా రహస్యంగా మనిషిని పంపి కిటుకు తెప్పించుకున్నారు. కానీ ప్రశ్నలు చూసేసరికి ఆయనలో, బడిలో ఎప్పుడూ ఫస్టు వచ్చిన కుర్రాడు నిద్ర లేచాడు. తెలిసి తెలిసి తప్పు రాయడం ఆయన వల్ల కాలేదు. మూడోదానికి తప్పు రాసి, కొట్టేసి, ఒప్పు రాశారట. అలా చివరిదాకా కొట్టేసుకుంటూ వెళ్లారు.

ఎనభై ఒకటి వచ్చింది.

రిటైర్‌మెంటు కాగితాలు తయారు చేయడం నా విధి. చేశాను. ఎండీ గారు వాటిని ముట్టుకోకుండా నేరుగా ప్రభుత్వానికి అప్పీలు పెట్టుకున్నారు. అందులో, తన తెలివితేటలు అంత ఎక్కువగా లేవనీ, పరీక్ష ఫలితం వాస్తవ విరుద్ధమనీ మనవి చేసుకుంటూ, రుజువుగా తాను జారీ చేసిన ఉత్తర్వు ప్రతిని జతపరిచారు. ప్రభుత్వం ఆ ఉత్తర్వును క్షుణ్ణంగా చదివి, రుజువు తిరుగులేనిదని తీర్మానించి, అప్పీలు ఆమోదించి, ఆయనను ఇంతకంటే పెద్ద సంస్థకు అధిపతిగా పంపించింది.

కొత్తగా వచ్చిన ఎండీ అరుంధతి గారు ఒకే వాక్యంతో పాత ఉత్తర్వు రద్దు చేశారు. ఎవరి వయసు వారికి తిరిగి వచ్చింది. డ్రైవరు తాళాలు పుచ్చుకున్నాడు. జయరాములుకు కబురు పంపితే, ఈ మధ్యే పెళ్లి కుదిరిందనీ, రిటైరైన అల్లుడన్న మాటకు మామగారు ఇప్పుడిప్పుడే అలవాటు పడుతున్నారనీ, కొంచెం ఆగి వస్తాననీ అన్నాడు.

ఎర్రిస్వామి గారికి యాభై ఎనిమిదేళ్లు పునరుద్ధరించబడ్డాయి. ఆయన సంతకం చెల్లింది. బిల్లు ముందు పెట్టగానే ఆలోచించడం మాత్రం మానలేదు. కాకపోతే అలా ఆలోచిస్తున్నందుకు ఇప్పుడాయన ఎవరినీ క్షమించమని అడగడం లేదు.

సుంకులమ్మ దగ్గర వచ్చింది చిక్కు. అరుంధతి గారు నన్ను పిలిచి, “ఈమె అసలు వయసు వేసి పంపించేయండి,” అన్నారు.

“అసలు వయసుకు కాగితం లేదు మేడమ్. మిగతా అందరికీ పాత తేదీ ఉంది, దానికి తిరిగి వెళ్లాం. ఈమెకు మనం రాసిందే మొదటిది. సర్వీసు రిజిస్టరులో ఒకసారి ఎక్కిన వయసును దిద్దడానికి నిబంధనలు ఒప్పుకోవు.”

“అయితే?”

“నియామకం జరిగిననాడు ఆ ఉత్తర్వు అమలులో ఉంది. పర్మనెంటు పోస్టు. ఇంకా ముప్పై ఏళ్ల సర్వీసుంది మేడమ్.”

న్యాయ సలహాదారు కూడా అదే చెప్పాడు. అరుంధతి గారు “పని ఎలా చేస్తుంది?” అని అడిగారు. “ఈ ఏడు ఆడిట్ అభ్యంతరాలు ఒక్కటీ రాలేదండీ,” అన్నాను. ఫైలు మూసేశారు.

కాలం గడిచి ఎర్రిస్వామి గారు పాత లెక్క ప్రకారమే రిటైరయ్యారు. సభ జరిగింది. అరుంధతి గారు శాలువా తెప్పించి, సహోద్యోగుల తరఫున కప్పమని సుంకులమ్మను పిలిచారు. ఆమె లేచి వచ్చి కొడుక్కి శాలువా కప్పి, భుజం మీద మడత సరిచేసింది. రెండు మాటలు చెప్పమన్నాం.

“బాగా చేసినాడు,” అంది. ఒక మాట సరిపోయిందనుకుందో ఏమో, రెండోది చెప్పలేదు.

ఎర్రిస్వామి గారు కళ్లు తుడుచుకుని దండ తీసి చేతిలో పట్టుకున్నారు. “పోదామా అమ్మా?”

సుంకులమ్మ గోడ గడియారం వైపు చూసింది. భోజన విరామం అయిపోవచ్చింది.

“నువ్వు పో నాయనా. నాకింకా డ్యూటీ ఉంది,” అని వక్కాకు సంచి తీసుకుని కదిలింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. “ఐదున్నరకంతా వచ్చేస్తా. బియ్యం కడిగి పెట్టు.”